గ్రంథాలయం తలుపులు మూశాక

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి మీరెప్పుడైనా వెళ్ళారా? అశోక్‌నగర్ సందుల్లో గదులు అద్దెకు తీసుకుని పోటీపరీక్షలకు చదివే అన్నలూ అక్కలూ పొద్దున్నే వచ్చి అక్కడ కుర్చీ పట్టుకుంటారు. ఏం కావాలని ఇంత కష్టపడుతున్నారని అడగండి. "జాబ్" అంటారు.

కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళ నోటివెంట కూడా రోజూ ఈ మాటే వస్తుంది. అయితే వాళ్ళనే జాబ్‌కు జీతం లేదు, సెలవు లేదు, పింఛను అసలే లేదు. ఫలానా వేళకు ఫలానా పని చెయ్యి అని కంప్యూటరుకు ముందుగానే అప్పగించి పెడతారు. ఆ పనినే జాబ్ అంటారు. గ్రంథాలయం తలుపులు మూసి, దీపాలు ఆర్పి, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక ఇలాంటి పనులు మొదలవుతాయి. అవి ఏం చేస్తాయి? సరిగా చేశాయో లేదో తెలిసేదెలా? వాటిమీద కన్నువేసి ఉంచేదెవరు? ఈ సంగతి తెలుసుకుందాం. దానికంటె ముందు ఆ పనులు దేనిమీద జరుగుతాయో తెలియాలి కదా!

ఒక్క రిజిస్టరు చాలదా?

మీ స్కూలు లైబ్రరీ రిజిస్టరు ఒకసారి గుర్తు చేసుకోండి. తేదీ, విద్యార్థి పేరు, తరగతి, పుస్తకం పేరు, రచయిత పేరు, సంతకం. ఒక అమ్మాయి ఏడాదిలో 40 పుస్తకాలు తీసుకుందనుకోండి. ఆమె పేరూ తరగతీ 40 సార్లు రాయాలి. మధ్యలో ఆమెను 8-ఎ నుంచి 8-బికి మార్చారు. ఇప్పుడు 40 చోట్ల దిద్దాలి. 39 చోట్ల దిద్ది ఒకచోట మరిచిపోయారో, ఆ అమ్మాయి ఎ సెక్షనులోనూ ఉన్నట్టే, బి సెక్షనులోనూ ఉన్నట్టే! రెండింట్లో ఏది నిజమో రిజిస్టరు చెప్పలేదు.

మరి ఉపాయమేమిటి? రిజిస్టరును మూడు చెయ్యడమే. మొదటి పట్టికలో సభ్యులు: సభ్యుని సంఖ్య, పేరు, తరగతి. రెండోదానిలో పుస్తకాలు: పుస్తకం సంఖ్య, పేరు, రచయిత. మూడోదానిలో ఇచ్చిపుచ్చుకోవడాలు. ఈ మూడోదానిలో పేర్లుండవు, సంఖ్యలే ఉంటాయి. సభ్యుడు 212, పుస్తకం 4471, తీసుకున్న తేదీ, అంతే. సెక్షను మారితే మొదటి పట్టికలో ఒక్కచోట దిద్దితే సరి. ఒక విషయం ఒక్కచోటే ఉన్నప్పుడు అది తనతో తాను తగాదా పడదు.

ఇది వినడానికి చాలా తేలికగా ఉంది కదూ? కాని దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పింది 1970లోనే. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ఆ ఏడాది ప్రచురించిన వ్యాసంలో ఈ పద్ధతి ప్రతిపాదించాడు. ఆయన గణితం చదువుకున్నవాడు. సమితులు, సంబంధాలు అనే అధ్యాయాలు పరీక్షలో మార్కులకు తప్ప ఎందుకూ పనికిరావని మీలో కొందరికి గట్టి నమ్మకం. కాడ్ తన పద్ధతిని కట్టింది సరిగ్గా వాటిమీదే! అందుకే ఇలాంటివాటికి సంబంధాత్మక డేటాబేసులని పేరు వచ్చింది. అంతకుముందు సమాచారం కావాలంటే అది ఏ మూల, ఏ వరుస వెంట దాగి ఉందో ప్రోగ్రాము రాసేవాడికి తెలియాల్సి వచ్చేది. కాడ్ పద్ధతిలో మనకు ఏం కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలన్నది యంత్రం చూసుకుంటుంది. అలా అడగడానికి ఒక భాషను 1974లో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు తయారుచేశారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. "14 రోజులు దాటినా తిరిగిరాని పుస్తకాలేవి? అవి ఎవరి దగ్గర ఉన్నాయి?" అన్న ప్రశ్నకు మూడు పట్టికలనూ కలిపి అది జవాబు తెచ్చి ఇస్తుంది.

అన్ని పుస్తకాల్లో అంత తొందరగా ఎలా వెతుకుతుందంటారా? పాతరోజుల లైబ్రరీల్లో సొరుగుల నిండా కార్డులుండేవి. అక్షరక్రమంలోనో, అంశాన్నిబట్టి ఇచ్చే సంఖ్యల క్రమంలోనో పేర్చి ఉండేవి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. మీ లైబ్రరీలో పుస్తకం వెన్ను మీద ఇది కనిపిస్తే గుర్తుపట్టండి. కంప్యూటరులోనూ అలాంటి సూచిక ఉంటుంది. వరుసలో ఉన్న లక్ష పేర్లను సగానికి, మళ్ళీ సగానికి తెగ్గోస్తూ పొండి. 17 సార్లలో ఒక్క పేరు దగ్గరికి వచ్చేస్తారు. నమ్మకం లేకపోతే 2ను 17 సార్లు వేసుకుని గుణించి చూడండి.

ఇద్దరు ఒకేసారి వస్తే?

ఒక మంచి పుస్తకానికి ఒక్క ప్రతే మిగిలింది. రెండు కౌంటర్ల దగ్గర ఇద్దరు అదే అడిగారు. రెండు కౌంటర్ల కంప్యూటర్లూ ఒకే క్షణంలో పట్టిక చూశాయి. రెండింటికీ "1 ఉంది" అని కనిపించింది. రెండూ "ఇచ్చాను, ఇక 0" అని రాశాయి. ఉన్నది ఒక ప్రతి, ఇచ్చింది ఇద్దరికి! లైబ్రరీలో అయితే కాసేపు మాటామాటా అనుకుని ఊరుకుంటాం. బ్యాంకులోనైతే? రైలు బెర్తు విషయంలోనైతే?

ఇందుకే డేటాబేసు తాళం వేస్తుంది. మొదటి కౌంటరు ఆ వరుస మీద పని మొదలుపెట్టగానే రెండోదాన్ని ఆగమంటుంది. చూడడం, తగ్గించడం, పేరు రాయడం అన్నీ కలిపి ఒకే లావాదేవీగా లెక్కిస్తుంది. జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే ఏమీ జరగనట్టు ఉండాలి. సగం జరగడమన్నది లేదు. కరెంటు పోయినా సరే, మళ్ళీ వచ్చాక సగంలో ఆగినవాటిని వెనక్కి తీసేస్తుంది.

అయితే తాళాలతో ఇంకో చిక్కు ఉంది. చిక్కడపల్లి వెనక ఇరుకు గల్లీలో రెండు ఆటోలు ఎదురెదురుగా వచ్చి ఆగడం చూశారా? ఒకడికి కావలసిన దారి రెండోవాడు ఆక్రమించి ఉన్నాడు. రెండోవాడికి కావలసింది మొదటివాడి దగ్గర ఉంది. ఎవరూ వెనక్కి పోరు. హారన్లు మాత్రం మోగుతుంటాయి. డేటాబేసులోనూ అచ్చం ఇలాగే రెండు పనులు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలిచిపోతాయి. దాన్ని డెడ్‌లాక్ అంటారు. అప్పుడు డేటాబేసు ట్రాఫిక్ పోలీసై ఒకదాన్ని రద్దు చేసి వెనక్కి పంపుతుంది. రెండోది సాగిపోయాక, రద్దయిన పనిని మళ్ళీ మొదటినుంచి చెయ్యవలసిందే.

ఇవన్నీ ఒక పెట్టె లోపల, చప్పుడు లేకుండా జరిగిపోతుంటాయి. మనకు కనబడేదెలా?

కిటికీ

2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గం మీద చిక్కడపల్లి, నారాయణగూడ అని పక్కపక్కనే రెండు స్టేషన్లున్నాయి. ఆ పట్టాల మీద తిరిగే రైళ్ళను ఎక్కడినుంచి గమనిస్తారో తెలుసా? ఉప్పల్‌లో ఉన్న నియంత్రణ కేంద్రం నుంచి. అక్కడ కూర్చున్న ఉద్యోగి రైలు నడపడు. కాని ఏ రైలు ఎక్కడుంది, ఏది కదులుతోంది, ఏది ఆగింది అన్నది ఆయన ముందున్న తెర మీద కనబడుతుంది. అవసరమైతే కబురు పంపగలడు, ఆపించగలడు.

డేటాబేసు మనిషికి ఇలాంటి తెరే కన్సోలు. పూర్వం కన్సోలంటే కంప్యూటరుకు ఆనుకుని ఉండే బల్ల. దాని నిండా మీటలు, చిన్న చిన్న దీపాలు. యంత్రం ఉన్న గదిలోకి వెళ్ళి కూర్చుంటే తప్ప పని కాదు. ఇంటర్నెట్టు వచ్చాక ఆ బల్ల మామూలు బ్రౌజరులోకి వచ్చేసింది. 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ మొదలుపెట్టిన పీహెచ్‌పీమైఎడ్మిన్ అలాంటిదే. అది నేటికీ లెక్కలేనన్ని చోట్ల వాడుకలో ఉంది. యంత్రం నారాయణగూడలో ఉన్నా, దేశానికి ఆ చివర ఉన్నా, మీరు పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళితే ఎడమపక్క పట్టికల పేర్లు, నొక్కితే వాటిలోని వరుసలు కనిపిస్తాయి. కొత్త వరుస చేర్చవచ్చు, పాతది దిద్దవచ్చు, తీసెయ్యనూవచ్చు.

ఈ "తీసెయ్యడం" దగ్గర కాస్త ఆగండి. "సభ్యుల పట్టికలోంచి సభ్యుని సంఖ్య 212 అయిన వరుసను తొలగించు" అని ఆజ్ఞ ఇవ్వాలి. ఎవరో తొందరలో చివరి షరతు రాయడం మరిచిపోయి "సభ్యుల పట్టికలోంచి తొలగించు" అన్నారనుకోండి. యంత్రం నోరెత్తదు. చెప్పినట్టే చేస్తుంది. వేలమంది సభ్యులూ ఒక్క క్షణంలో మాయం! పీహెచ్‌పీమైఎడ్మిన్ వంటి కన్సోళ్ళు ఇలాంటి ఆజ్ఞ చూడగానే "నిజంగానే చెయ్యమంటారా?" అని అడుగుతాయి. కాని రోజుకు యాభైసార్లు అడిగే ప్రశ్నకు మనుషులు చదవకుండానే "సరే" నొక్కడం అలవాటు చేసుకుంటారు. అది యంత్రం లోపం కాదు, మన స్వభావం.

కన్సోలులో ఇంకో పేజీ ఉంటుంది. ఈ నిమిషంలో లోపల ఎవరెవరు ఏం చేస్తున్నారో అది చూపిస్తుంది. ఎవరో పదేళ్ళ రికార్డులన్నీ కలిపి పెద్ద నివేదిక అడిగారు, అది పట్టికకు తాళం పెట్టి కూర్చుంది, కౌంటర్లన్నీ ఆగిపోయాయి అనుకుందాం. బయట వరుసలో నిలబడ్డవాళ్ళు "కంప్యూటరు పనిచెయ్యడం లేదట" అని విసుక్కుంటారు. కన్సోలు ముందున్న మనిషికి మాత్రం ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో కనబడుతుంది. ఆ ఒక్క పనిని ఆపితే చాలు, మిగిలినవన్నీ కదులుతాయి.

అర్ధరాత్రి పనులు

ఇప్పుడు మన జాబ్‌ల దగ్గరికి వద్దాం. గ్రంథాలయాలకోసం తయారైన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. న్యూజిలాండులోని ఒక గ్రంథాలయంలో 2000 జనవరిలో అది మొదటిసారి పనిలోకి దిగింది. కోహా అంటే అక్కడి మావోరీ ప్రజల భాషలో కానుక అని అర్థం. మనదేశంలోనూ చాలా గ్రంథాలయాలు దీన్ని వాడుతున్నాయి. పగలు కౌంటరు దగ్గర ఇచ్చిపుచ్చుకోవడం చూసుకునే ఈ కోహాకు రాత్రిపూట చెయ్యవలసిన పనులు చాలా ఉంటాయి. గడువు దాటినవాళ్ళకు ఉత్తరాలు సిద్ధం చెయ్యాలి. జరిమానా లెక్కలు వెయ్యాలి. తిరిగివచ్చిన పుస్తకానికి ముందుగా పేరు రాయించుకున్నదెవరో చూడాలి. అన్నిటికీ ఒక నకలు తీసి దాచాలి.

ఇవి రాత్రే ఎందుకు? పగలు చేస్తే మీ పుస్తకం వరుసకు తాళం పడుతుంది, మీరు నిలబడాలి. రైల్వే టికెట్ల వెబ్‌సైటు కూడా నిర్వహణ పనులకోసం అర్ధరాత్రి కాసేపు మూతపడడం మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది.

అర్ధరాత్రి లేచి మీట నొక్కేదెవరు? ఎవరూ నొక్కరు. యునిక్స్ రకం కంప్యూటర్లలో 1970ల నుంచీ క్రాన్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. దాన్ని అలారం గడియారమనుకోండి. ప్రతి నిమిషానికీ ఒకసారి లేచి, తన పట్టీ చూసుకుని, ఇప్పుడు చెయ్యవలసిన పని ఏమైనా ఉందా అని చూస్తుంది. ఆ పట్టీలో వేళను ఇలా రాస్తారు:

30 1 * * *

మొదటిది నిమిషం, రెండోది గంట, తరువాత తేదీ, నెల, వారం. నక్షత్రం ఉంటే "ఏదైనా సరే" అని. అంటే పై వరుసకు అర్థం ప్రతిరోజూ రాత్రి 1 గంట 30 నిమిషాలకు అని. వారాల్లో ఆదివారానికి 0, సోమవారానికి 1. "45 8 * * 1" అంటే ఎప్పుడో మీరే చెప్పండి.

తెల్లారి వచ్చిన గ్రంథపాలకుడు కోహాలో జాబ్‌ల పేజీ తెరిస్తే, పెద్ద పెద్ద పనులన్నీ వరుసగా కనబడతాయి. ఏ పని, ఎవరు అప్పగించారు, ఎప్పుడు వరుసలో చేరింది, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ప్రస్తుతం దాని స్థితి ఏమిటి. కొత్తది, మొదలైంది, ముగిసింది, విఫలమైంది, రద్దయింది: స్థితులు ఇలా ఉంటాయి. చూసే పద్ధతి తెలిసినవాడు స్థితిని ఒక్కటే చూడడు. రోజూ 20 నిమిషాలు పట్టే పని ఇవాళ 2 సెకన్లలో "ముగిసింది" అని ఉంటే సంతోషించాలా? వద్దు, అనుమానించాలి. బహుశా దానికి చెయ్యడానికి వరుసలే దొరకలేదేమో! హోంవర్కు ఐదు నిమిషాల్లో అయిపోయిందని చెప్పే కుర్రవాణ్ణి చూసినట్టే చూడాలి.

అన్నిటికంటె చెడ్డది విఫలమై కూడా చెప్పని పని. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఇలాగే జరిగింది. ప్రపంచంలో ఎందరో ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిని అక్కడ దాచుకుంటారు. ఆ రాత్రి ఒక ఇంజనీరు రెండు యంత్రాల్లో ఒకటి అనుకుని మరొకదానిలో ఆజ్ఞ ఇచ్చాడు. సుమారు 300 గిగాబైట్ల డేటాబేసు చెరిగిపోయింది. నకళ్ళున్నాయి కదా అని వెతికితే, రోజూ నకలు తియ్యవలసిన జాబ్ కొంతకాలంగా విఫలమవుతోంది! డేటాబేసు వెర్షను ఒకటి, నకలు తీసే పనిముట్టు వెర్షను ఇంకొకటి. పోనీ విఫలమైనప్పుడు హెచ్చరిక రావాలి కదా? ఆ హెచ్చరిక ఈమెయిళ్ళు వెళ్ళాయి, కాని అందుకునే పక్క వాటిని తిప్పికొట్టింది. ఎవరికీ అందలేదు. అదృష్టవశాత్తు అదే ఇంజనీరు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయినట్టే. సంస్థ ఈ కథంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది. అందువల్లే మనమిప్పుడు చెప్పుకోగలుగుతున్నాం.

తాళంచెవి ఎవరి దగ్గర?

కన్సోలులోకి వెళ్ళినవాళ్ళందరూ అన్నీ చెయ్యగలిగితే ఎలా? అందుకే అధికారాలు పంచుతారు. చదివేందుకు మాత్రమే ఒకరికి, రాసేందుకు ఇంకొకరికి. తొలగించే హక్కు ఒకరిద్దరికి. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఏ వరుసను తాకారో ఒక చిట్టా తనంతట తానే రాసుకుంటూ పోతుంది. ఆ చిట్టాను దిద్దే హక్కు పెద్ద అధికారికి కూడా ఉండకూడదు. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు వాడితే ఏమవుతుంది? చిట్టా అబద్ధం చెబుతుంది. లోపలికి వచ్చినవాడి పేరు కాకుండా పాస్‌వర్డు సొంతదారు పేరు రాసుకుంటుంది.

ఈ మాటలు అశోక్‌నగర్‌లో ఎవరికీ వివరించనక్కరలేదు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్షను రెండు లక్షల ఎనభైవేలమందికి పైగా రాశారు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన సంగతి తెలిసింది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయంలోని కంప్యూటరు నుంచే, అక్కడ పనిచేసేవాళ్ళ చేతులమీదుగానే అవి పోయాయని దర్యాప్తు చేసిన పోలీసులు చెప్పారు. మార్చి 17న పరీక్ష రద్దయింది. ఒక్క యంత్రంలోకి రాకూడనివాళ్ళు రావడం వల్ల అంతమంది చదువు మళ్ళీ మొదటికి వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. అదే పరీక్షను 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు. రాసినవారు 2,33,248 మంది అని ఆనాడు ప్రకటించారు. కొద్దిరోజుల తరువాత జవాబుపత్రాలను స్కాను చేసి ప్రకటించిన సంఖ్య 2,33,506. తీసివేసి చూడండి: 258. మొదటిది తాత్కాలిక లెక్క అని కమిషన్ వివరించింది. అయినా విషయం హైకోర్టుకు వెళ్ళింది. అభ్యర్థుల వేలిముద్రలు తీసుకుంటామని నోటిఫికేషనులో చెప్పి తీసుకోకపోవడం అక్కడ ముఖ్యమైన ప్రశ్న అయింది. ఈ అంకెల తేడా కూడా ప్రస్తావనకు వచ్చింది. సెప్టెంబరు 23న కోర్టు ఆ పరీక్షనూ రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషను వచ్చింది. ఆ జూన్ 9న మూడోసారి అందరూ పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. రెండేళ్ళు! 2022లో 24 ఏళ్ళున్న మనిషికి 26 వచ్చాయి. గది అద్దె నెలనెలా కట్టాడు.

258 అన్న అంకెను మనం డేటాబేసు మనిషి కళ్ళతో చూద్దాం. హాజరు పట్టిక వేరు, జవాబుపత్రాల పట్టిక వేరు. రెండింటినీ హాల్‌టికెట్టు సంఖ్యతో జత కలపాలి. హాజరులో ఉండి పత్రం లేనివారెవరు? పత్రం ఉండి హాజరులో లేనివారెవరు? ఈ రెండు ప్రశ్నలను ఎస్‌క్యూఎల్‌లో రాయడం ఐదు నిమిషాల పని. జవాబు రావడం సెకన్ల పని. కాని రెండు పట్టికలూ ఒకే రోజు, ఒకే పద్ధతిలో నింపి ఉంటేనే ఆ జవాబుకు విలువ. కాగితం మీద ఒకచోట, ఫోనులో ఒకచోట చెప్పిన లెక్కను కంప్యూటరు సరిచెయ్యలేదు.

ఇదంతా చిన్నస్థాయిలో చేసి చూడడానికి కంప్యూటరు కూడా అక్కరలేదు. మూడు నోటుపుస్తకాలు తీసుకుని తరగతిలో 50 పుస్తకాలతో లైబ్రరీ పెట్టండి: సభ్యులు, పుస్తకాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు. నాలుగో నోటుపుస్తకం చిట్టా. ఎవరు ఏ పుస్తకంలో ఏం రాసినా, వేళతో సహా అందులో రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు. ఇద్దరిని రెండు కౌంటర్లలో కూర్చోబెట్టండి. శనివారం సాయంత్రం రాత్రిజాబ్ వంతు ఒకరికి ఇవ్వండి. బీరువాలో ఉన్నవి, బయటికి వెళ్ళినవి కలిపితే 50 రావాలి. 49 వస్తే, పిల్లల సంచులు వెతక్కండి. నాలుగో పుస్తకం చివరినుంచి వెనక్కి చదవండి.